తుంగభద్ర మింగిన వాషింగ్ మిషను: మరమ్మతు డైరీ

మార్చి 23, 2025, ఆదివారం

ఉగాదికి ఇంకా వారం ఉంది. ఇల్లు దులిపే పనిలో మెట్ల కింద గది నా వంతుకు వచ్చింది. విరిగిన ఫ్యాను రెక్కలు, నా చిన్నప్పటి సైకిలు, పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు సామాను. వీటన్నిటి వెనక గోనెపట్టా కప్పుకుని మా పాత వాషింగ్ మిషను.

"పాత సామాన్ల బండోడికి వేసెయ్ రా. ఇనుము రేటుకన్నా తీసుకుంటాడు" అంది అమ్మ.

పట్టా తీసి చూశాను. తుప్పు ఉంది, కానీ అనుకున్నంత లేదు. ప్యానెల్ మీద మూడు గుండ్రటి జిగురు మరకలు అలాగే ఉన్నాయి. అవి అమ్మ అతికించిన స్టిక్కర్ బొట్లు. ప్యానెల్ మీద ఉన్నదంతా ఇంగ్లీషు, అమ్మకు చదవడం రాదు. అందుకని నాబ్ ఎక్కడ ఆపాలో తెలియడానికి మూడు చోట్ల మూడు బొట్లు పెట్టుకుంది. ఎర్రది దుప్పట్లకు, మెరూన్‌ది నాయన ప్యాంట్లకు, చిన్న నల్లబొట్టు పట్టుకుంటే చిరిగిపోయే పాత చీరలకు. ఆ మరకలు చూశాక బండోడికి వేయబుద్ధి కాలేదు.

1998లో కొన్నాం దీన్ని. మొత్తం ఆటోమేటిక్, మూత పైన, టబ్ నిలువుగా ఉండే రకం. అప్పటికి మా వీధిలో ఉన్నవి ఒకటో రెండో, అవీ సెమీ ఆటోమేటిక్‌లే. ఒక తొట్టిలో ఉతికాక తడి బట్టల్ని చేత్తో తీసి పక్క తొట్టిలో వేసి తిప్పుకోవాలి. మాదైతే బట్టలు వేసి నాబ్ తిప్పి లాగితే చాలు, తర్వాత అంతా అదే చూసుకుంటుంది. మొదటి ఆదివారం పక్కింటి అత్త, ఎదురింటి అవ్వ వచ్చి మూత మీదికి వంగి, ఎవరో దేవుణ్ణి ఊరేగిస్తున్నట్టు చూశారు. ఏ కంపెనీది అని అడగొద్దు. పేరు పట్టీని తుంగభద్ర పట్టుకెళ్లింది.

2009 అక్టోబరు 2, శుక్రవారం, గాంధీ జయంతి. కర్నూలు వాళ్లకు ఆ తేదీ చెప్తే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరి మీద పడ్డాయి. కింద శ్రీశైలం నిండిపోయి నీళ్లకు ముందుకు పోయే దారి లేదు. మాది నదికి దగ్గరి ఇల్లు. చూస్తుండగానే గడప దాటాయి, మేము మిద్దె ఎక్కాం. రెండు రాత్రులు మిద్దె మీదే. దిగి వచ్చేసరికి గోడ మీద నీటి గీత నా తల కంటే ఎత్తులో ఉంది. బాత్రూము పక్కన ఉండాల్సిన మిషను తేలుకుంటూ హాల్లోకి వచ్చి, తలుపుకు అడ్డంగా వెల్లకిలా పడుంది.

నాయన దాన్ని పారేయనివ్వలేదు. "ఎండాకాలం రానీ, బాగు చేయిద్దాం" అనేవాడు. అట్లా తొమ్మిది ఎండాకాలాలు పోయాయి. తర్వాత ఆయనా పోయాడు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మోటారు గురించి బోర్డు మీద ఎంతైనా చెప్పగలను. తుప్పుపట్టిన స్క్రూ ఊడదీయడం మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు. చూద్దాం.

మార్చి 30, ఆదివారం

ఉగాది. మిషను ముట్టుకోలేదు. భక్షాలు తిని పడుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి పానకం తాగి పని మొదలుపెట్టాను. వెనక రేకు ఎనిమిది స్క్రూలు. ఐదు మామూలుగా వచ్చాయి, రెండిటికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచాల్సి వచ్చింది, ఒకదాని తల విరిగింది. విరిగినదాన్ని ప్రస్తుతానికి వదిలేశాను.

టబ్ నాలుగు మూలల నుంచి నాలుగు ఇనుప కడ్డీలకు వేలాడుతూ ఉంటుంది, కింద స్ప్రింగులు. ఉయ్యాల లాంటిదే. కడ్డీలు నాలుగూ బాగున్నాయి, అది అదృష్టం. లోపలి స్టీలు టబ్ తీయడానికి మాత్రం సాయంత్రం అయింది. అడుగున తిరిగే చక్రం (అదే పల్సేటర్) స్క్రూ ఊడింది గానీ చక్రం రాలేదు. దాని అంచు కిందికి ప్యాంటు బెల్టును రెండు వైపుల నుంచి దూర్చి పైకి గుంజితే బుడగ పేలినట్టు టప్‌మని వచ్చింది.

బయటి టబ్‌కీ లోపలి టబ్‌కీ మధ్య సందులో ఏముందో చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒండ్రుమట్టి. పదిహేనున్నరేళ్ల కిందటి తుంగభద్ర మట్టి, ఎండి బిస్కెట్లలా పెచ్చులు పెచ్చులుగా. రెండు బేసిన్లు నిండింది. దాని కింద, వరద కంటే పాతది ఇంకో పొర. సబ్బు, బోరు నీళ్ల ఉప్పు కలిసి గట్టిపడిన తెల్లటి గార. గోరుతో గీరితే సున్నంలా రాలుతుంది. దానికి వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పోసి ఒక పూట వదిలేశాను. మెత్తబడ్డాక పాత పళ్ల బ్రష్షు చాలు.

మట్టిలో దొరికినవి: చొక్కా గుండీలు ఏడు, జడ స్లైడులు నాలుగు, పిన్నీసులు, ఒక పావలా బిళ్ల. 2011 జూన్ 30 తర్వాత పావలా చెల్లదు. ఈ బిళ్లకు ఆ సంగతి తెలియదు, లోపలే ఉండిపోయింది. అమ్మకు చూపిస్తే కడిగి దేవుడి గూట్లో పెట్టింది.

ఇంకో వింత. లోపలి టబ్ పై అంచున లావుపాటి ప్లాస్టిక్ కడియం ఒకటి ఉంటుంది. చేత్తో ఊపితే లోపల గళగళమని నీళ్ల చప్పుడు. వరద నీళ్లేమో అనుకుని రంధ్రం పెట్టబోయి ఆగాను. మంచిపనే చేశాను. అవి ఫ్యాక్టరీలోనే పోసి సీలు చేసిన ఉప్పునీళ్లు. టబ్ వేగంగా తిరిగేటప్పుడు బట్టలు ఒక పక్కకు పోగైతే, ఆ నీళ్లు ఎదురు పక్కకు చేరి బరువు సరిచేస్తాయి. పాఠంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ. ఇన్నేళ్లు పాఠం చెప్తూ ఇంట్లోనే ఉన్నది చూసుకోలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

మోటారు. దీనికి మూడు తీగలు వస్తాయి. ఒకటి కామన్, మిగతా రెండూ రెండు చుట్ల కొనలు. ఉతికేటప్పుడు చక్రం కాసేపు ఇటు, కాసేపు అటు తిరగాలి కాబట్టి రెండు చుట్లూ కవల పిల్లల్లా ఒక్కటే కొలత. కెపాసిటర్ ఏ చుట్టు వైపు పడితే దాన్ని బట్టి దిశ మారుతుంది. మీటరు పెట్టాను. కామన్ నుంచి ఒక కొనకు 18 ఓములు, ఇంకో కొనకు 18, కొన నుంచి కొనకు 36. చుట్లు తెగలేదన్నమాట! ఒక్కణ్ణే ఉన్నా పైకే "శభాష్" అన్నాను.

కానీ తేమ ఉంది. కాలేజీ ల్యాబ్ నుంచి మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవకుండా ఎంత అడ్డు ఉందో కొలిచే మీటరు) తెచ్చి చూస్తే చుట్టుకూ బాడీకీ మధ్య అర మెగాఓం కూడా లేదు. కనీసం ఒకటైనా ఉండాలి, అంతకంటే ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఈ స్థితిలో కరెంటు ఇస్తే షాకు కొట్టే ప్రమాదం ఉంది. పగలు మిద్దె మీద ఎండలో పెట్టాను. కర్నూలు ఎండ దేనికైనా పనికొచ్చిందంటే ఇదిగో ఇప్పుడే. రాత్రి అట్టపెట్టెలో మోటారు పెట్టి పక్కన 100 వాట్ల గుండు బల్బు వెలిగించి మూసేశాను. మోటారు రివైండింగ్ షాపుల్లో ఇలాగే ఆరబెడతారు. ఎల్‌ఈడీ కాలంలో గుండు బల్బు దొరకడానికి నాలుగు కొట్లు తిరిగాను. నాలుగో రోజుకి 9 మెగాఓంలు.

కెపాసిటర్ మీద 10 మైక్రోఫారడ్లు అని రాసుంది, కొలిస్తే 3 చూపించింది. కొత్తది కొన్నాను. దానికి మరమ్మతు ఉండదు.

ఏప్రిల్ 20, ఆదివారం

బేరింగు. చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది. ఇది నా వల్ల కాలేదు. పాత బస్టాండు దగ్గర మెకానిక్ భాయ్ దగ్గరికి, బేరింగు ఉన్న గేర్‌బాక్సు సంచిలో వేసుకుపోయాను. అరవై దాటినాయన. సంచిలోకి చూసి, "యా అల్లా, ఇది ఇంకా ఉందా? దీని తోడబుట్టినవన్నీ నా చేతుల మీదుగానే పోయినాయి బేటా" అన్నాడు.

బేరింగు మీద 6006 అని చెక్కి ఉంది. భాయ్ అది చదివి, కొలవకుండానే కుర్రాణ్ణి కొట్టుకు పంపాడు. ఎట్లా అని అడిగితే చెప్పాడు: చివరి రెండంకెల్ని ఐదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రం వస్తుంది. ఆరు అయిదుల ముప్పై, అంటే 30 మిల్లీమీటర్లు. ఆ నంబరు ప్రపంచంలో ఏ కంపెనీది కొన్నా 30 లోపల, 55 బయట, 13 మందం. పాత మిషన్లు బతికి బట్టకడుతున్నాయంటే ఇట్లాంటి వాటి వల్లే. ఇప్పటి మిషన్లకు సర్క్యూట్ బోర్డు పోతే అదే మోడల్ బోర్డు కావాలి. మోడల్ ఏమో మారిపోతూనే ఉంటుంది.

బేరింగుతో పాటు దాని మీది ఆయిల్ సీలు కూడా మార్చమన్నాడు. "సీలు పాతది పెట్టి బేరింగు కొత్తది వేస్తే, గొడుగు లేకుండా వానలో నిలబెట్టినట్టే." మజూరీ అడిగితే, "ముందు తిరగనీ. తిరిగినాక చాయ్ తాపు" అన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

టైమర్. నాకు అసలు కావలసింది ఇదే.

ప్యానెల్ వెనక అరచేతిలో పట్టేంత డబ్బా. లోపల ఒకే ఇరుసు మీద పళ్లెంలా పేర్చిన ప్లాస్టిక్ చక్రాలు, ఒక్కో చక్రం అంచు ఒక్కో రకంగా ఎగుడుదిగుడు. ఆ ఎగుడుల మీద రాగి రేకులు ఆనుకుని ఉంటాయి. బుల్లి మోటారు ఒకటి ఆ ఇరుసును మెల్లమెల్లగా తిప్పుతుంటే, రేకులు ఎక్కుతూ దిగుతూ నీళ్లు వదలడం, మోటారు తిప్పడం, మురికినీళ్లు పంపడం అన్నీ వరసగా చేయిస్తాయి. ఇందులో ప్రోగ్రామంటే ఆ చక్రాల అంచు. కంటికి కనపడుతుంది, వేలికి తగులుతుంది.

దాని చప్పుడు చెప్పాలి. ఉతుకుతున్నంతసేపూ లోపల నుంచి సన్నగా గొల్లభామ కొరికినట్టు చప్పుడు. ఉన్నట్టుండి టక్. ఆ టక్ వినపడితే అమ్మ వంటింట్లోంచే "ఉతుకు అయిపోయింది, ఇంక జాడిస్తుంది" అనేది. ఇంకో టక్‌కు మురికినీళ్లు భళ్లున పోయేవి. ఆఖరిది స్పిన్. టబ్ వేగం అందుకునేదాకా ఇల్లంతా మూలిగినట్టుండేది, గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. అమ్మ కుక్కర్ పెట్టడం, నాయన స్నానానికి పోవడం, నన్ను లేపడం అన్నీ ఆ టక్‌ల మధ్యే జరిగేవి. మా గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు వెనకే ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడున్న మిషను పని అయ్యాక పాట పాడుతుంది. పాట పాడేదాకా ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు.

స్పిన్ చూడాలంటే మూత తెరవాలి, తెరిస్తే ఆగిపోతుంది. మూత కింద ఒక స్విచ్చు ఉంటుంది. చిన్నప్పుడు ఆ రంధ్రంలో ఐస్ పుల్ల దూర్చి, మూత తెరిచి పెట్టి, టబ్‌లో బట్టలు గోడకు అతుక్కుని మధ్యలో బావిలా గుంత పడడం చూసేవాణ్ణి. ఒకరోజు నాయన చూశాడు. వీపు మీద అచ్చు వారం ఉంది. ఇప్పుడు క్లాసులో ఏటా ఆ గుంత గురించే చెప్తాను. వీపు సంగతి చెప్పను.

రేకుల కొనల మీద పచ్చటి చిలుము పట్టింది. ఎమెరీ పేపరు వాడకూడదు, వెండి పూత లేచిపోతుంది. పాత శుభలేఖ అట్టను సన్నగా కత్తిరించి, స్పిరిట్‌లో ముంచి, రేకుల మధ్య పెట్టి లాగుతూ పోయాను. గంటన్నర పట్టింది. అన్నీ పలికాయి.

పలకనిది బుల్లి మోటారు. దాని తీగ వెంట్రుక కంటే సన్నం, లోపలెక్కడో తెగింది. మీటరు ఏమీ చూపడం లేదు. అంత సన్నటి తీగ చుట్టేవాళ్లు కర్నూల్లో లేరన్నాడు భాయ్. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఓపిక ఉంటే వెతకమన్నాడు. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు ఇచ్చి ప్రయత్నించమన్నాడు. అదీ ఇలాంటి జాతిదే, కరెంటు సరఫరా లయకు కట్టుబడి నిదానంగా తిరిగేదే. కానీ ఇరుసు కలవలేదు, వేగం కలవలేదు. ప్రస్తుతానికి నాబ్ చేత్తో తిప్పడమే గతి.

మే 4, ఆదివారం

నీళ్ల పరీక్ష. అభాసు పాలయ్యాను.

నీళ్లు పట్టే వాల్వు బాగానే తెరుచుకుంది. మా ట్యాంకు మిషను కంటే మూడు మీటర్ల ఎత్తులో ఉంది, అంటే ఒత్తిడి 0.3 బార్, ధార సన్నగా వచ్చింది. వాల్వు జాలీలో ఇసుక తీశాక కొంచెం నయం. టబ్ నిండుతోంది. సగం దాటింది. ముప్పావు దాటింది. ఆగాలి కదా! ఆగలేదు. ప్లగ్గు పీకేలోపు పొంగి గది నిండా నీళ్లు.

"ఏం చేస్తుండావు రా? రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు ఇవి!" అమ్మ కేక. నా చిన్నప్పుడు కూడా అచ్చం ఇదే కేక. ట్యాంకులో నీళ్లు లెక్క చూసుకునే మిషను వేసేది.

నీళ్లు చాలు అని మిషనుకు ఎట్లా తెలుస్తుందంటే, టబ్ అడుగు పక్కన ఒక చిన్న గాలి గది, దాని నుంచి పైదాకా సన్న గొట్టం. నీళ్లు పెరిగేకొద్దీ గొట్టంలో గాలి బిగుస్తుంది. పైన చిన్న పొర ఆ గాలికి ఉబ్బి స్విచ్చును నొక్కుతుంది. అంతే, వాల్వు మూతపడి ఉతుకు మొదలు. సెన్సరు లేదు, చిప్పు లేదు, గాలి మాత్రమే.

గొట్టం పైకొన పీకి స్విచ్చులోకి నోటితో మెల్లగా ఊదాను. టక్. వదిలితే ఇంకో టక్. స్విచ్చు భేషుగ్గా ఉంది. గొట్టంలోకి ఊదితే గాలి పోలేదు, చెంపలు ఉబ్బాయి గానీ గొట్టం ఒప్పుకోలేదు. సైకిలు పుల్లతో పొడిస్తే చిటికెన వేలంత మట్టి కడ్డీ ఒక్క ముక్కగా వచ్చింది. ఆ రోజు నది అంత సన్న గొట్టంలోకి కూడా వచ్చిపోయింది.

మే 11, ఆదివారం

పక్క రేకులకు తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్, దాని మీద తెల్ల పెయింటు. పెద్దగా చెప్పేదేం లేదు. బెల్టు పాతది పట్టుకుపోయి కొలత కలిపి తెచ్చాను. ఎర్తు తీగ కొత్తది వేశాను, బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ట్రిప్ స్విచ్చు పెట్టించాను. ఇనుప బాడీ, తడి నేల, వరద చూసిన మోటారు. ఈ మూడూ ఉన్న చోట పిసినారితనం పనికిరాదు.

పాత చోటికే తెచ్చి నిలబెట్టాం. కింద బేతంచెర్ల బండలు. (బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది, బండలు మాత్రం మా ఇంట్లోనే ఉన్నాయి.) ఎడమ ముందు కాలు దగ్గర నేల కొంచెం పల్లం. అప్పట్లో స్పిన్‌లో మిషను నడిచి బాత్రూము తలుపు దాకా వచ్చేది. నాయన ఒక బండ ముక్కను ఉలితో చెక్కి, మధ్యలో కాలు దిగేంత గుంట చేసి, దాని కింద పెట్టాడు. ఆ ముక్క ఇన్నేళ్లూ పంపు తొట్టి పక్కన సబ్బు పెట్టుకునే బిళ్లగా ఉంది. ఎవరూ గుర్తుపట్టలేదు. తెచ్చి పెడితే కాలు గుంటలో చక్కగా కూర్చుంది.

ఈ నడక మా మిషనుకే వచ్చిన జబ్బు కాదు. 1937లో అమెరికాలో బెండిక్స్ వాళ్లు ఇళ్లకు అమ్మిన మొదటి ఆటోమేటిక్ మిషనును బోల్టులు వేసి నేలకు బిగించాల్సి వచ్చేదట. వాళ్లకు బోల్టు, మాకు బండ.

మే 18, ఆదివారం

పొద్దున ఏడుకి ఒక దుప్పటి, రెండు తువ్వాళ్లు. సబ్బు పొడి రెండు చెంచాలు. నాబ్ ఎర్రబొట్టు మరక దగ్గరికి తిప్పి లాగాను.

సర్రున నీళ్లు. సరైన చోట టక్. చక్రం తిరిగింది. దుప్పటి గుండ్రంగా మునుగుతూ తేలుతూ. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పన్నెండు నిమిషాలు పక్కనే స్టూలు మీద కూర్చుని, సమయం రాగానే నాబ్ ఒక గీత ముందుకు జరిపాను. బుల్లి మోటారు చేయాల్సిన పని ఫిజిక్స్ లెక్చరర్ చేస్తున్నాడు.

నీళ్లు పోవడానికి, స్పిన్‌కు ఒకే తీగ లాగుడు. డ్రెయిన్ తెరిచే మీటే టబ్ బ్రేకునూ వదిలిస్తుంది. అది లాగడం, గొట్టంలోంచి మురికినీళ్లు భళ్లున పడడం, మిద్దె మీద వడియాలు ఆరబెడుతున్న అమ్మ కేక, అన్నీ ఒకేసారి.

"ఆ నీళ్లు వదిలెయ్యాకు రా! బకెట్ పెట్టు!"

నేను లేచేలోపే దిగి వచ్చేసింది, రెండు చేతుల్లో రెండు బకెట్లు. మోకాళ్ల నొప్పులని వారం నుంచి గుడికి పోని మనిషి. గొట్టం కొన పట్టుకుని ఒక బకెట్‌లోంచి ఇంకో దాంట్లోకి చుక్క కింద పడకుండా మార్చింది. మొదటి నీళ్లు బాత్రూముకు, జాడించిన నీళ్లు మెట్లు కడగడానికి, ఆఖరివి కరివేపాకు చెట్టుకు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కొత్త మిషను గొట్టం గోడలోపలికి పోతుంది, ఆ నీళ్లు ఎటు పోతాయో ఈ పద్నాలుగేళ్లూ ఆమె చూడలేదు.

స్పిన్‌లో టబ్ మొదట రెండుసార్లు బాడీకి కొట్టుకుంది. దుప్పటి సర్ది మూత వేశాక వేగం అందుకుంది. గూట్లో గ్లాసులు మోగాయి. మిషను చోటు వదిలి నడవలేదు. కింద సన్నగా చెమ్మ కనిపించింది, డ్రెయిన్ గొట్టం క్లిప్పు బిగించాలి. దుప్పటి చివర బెత్తెడు గోధుమరంగు మరక. ఎక్కడో ఇంకా మట్టి ఉంది, ఇంకో రెండుసార్లు ఉత్తగా తిప్పాలి.

సాయంత్రం భాయ్‌కి చాయ్ తాపి వచ్చాను. టైమర్ మోటారు ఇంకా దొరకలేదు. ఇంటికొచ్చేసరికి ప్యానెల్ మీద ఎర్ర మరక ఉన్న చోట కొత్త స్టిక్కర్ బొట్టు ఉంది. పక్కన చాప మీద శీతాకాలం దుప్పట్లు ఐదు మడతపెట్టి ఉన్నాయి.

"వచ్చే ఆదివారం యాడికీ పోవద్దు" అంది అమ్మ.